ఇద్దరు ఛాంపియన్లు, మూడు తలకాయలు

ఆ ఆదివారం ఉదయం ఉల్‌మెకెన్ అనుకున్నది చిన్న పనే. గొర్రె తలకాయ ఉడకబెట్టాలి, కొడుకు దౌరేన్ సంబంధం ఖాయం చేసుకోవడానికి వస్తున్న ఆడపిల్లవాళ్ళకు భోజనం పెట్టాలి, గొడవ లేకుండా సాగనంపాలి. మూడోది తలచుకుని ఆమె రాత్రంతా కన్ను మూయలేదు.

వస్తున్న పెద్దమనిషి, పెళ్ళికూతురి పెదనాన్న కైరొల్లా, ఒకప్పటి హెవీవెయిట్ బాక్సర్. ఇంట్లో పెద్దమనిషి, ఆమె బావగారు తెమిర్‌బోలాత్, ఆయనా అదే. ఇద్దరూ మూడుసార్లు తలపడ్డారు. కరగండాలో తెమిర్‌బోలాత్ పడ్డాడు, తాష్కెంట్‌లో కైరొల్లా పడ్డాడు, మూడోది ఎటూ తేలలేదు. నేల తడిగా ఉండి జారానని ఒకరూ, బూటు లేసు ఊడిందని ఒకరూ ముప్పై ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు. ఎవరు గొప్పో వాళ్ళ ఊరు తరాజ్‌లోని టీకొట్లలో ఇప్పటికీ తేలలేదు. ఆచారం ప్రకారం తలకాయ మాత్రం అందరిలోకీ గొప్పవాడి ముందే పెట్టాలి.

“ఏమండీ, తల ఎవరి ముందు పెడదాం?” అని భర్త సెయిల్‌ఖాన్‌ను అడిగింది.

“వియ్యంకుడి ముందు.”

“బావగారు బల్ల తిరగేస్తే?”

“అయితే అన్నయ్య ముందు.”

“వాళ్ళు లేచిపోతే? మనవాడికి ఇంకెవరూ పిల్లనివ్వకపోతే?”

“పొయ్యే వెలిగించలేదు, అప్పుడే మనకు మనవలు లేకుండా చేసేశావా!”

ఆమె ఎవరికీ చెప్పకుండా బజారుకెళ్ళి రెండో తలకాయ తెచ్చింది. పైకి ధీమాగా ఉన్నా సెయిల్‌ఖాన్‌కూ భయమే. అతనూ ఒకటి తెచ్చి గిన్నెలో వేశాడు. మూత తీసి చూసేసరికి మూడు తలకాయలు ఆమెకేసే చూస్తున్నాయి. అందులో ఒకటి మరీ పెద్దది.

అప్పటికే చుట్టాలు వచ్చి టీకి కూర్చున్నారు. పెద్దదాన్ని దాచేలోపే పెళ్ళికూతురి తల్లి సాయం చేస్తానంటూ వంటింట్లోకి వచ్చింది. “అమ్మో, ఎంత మర్యాద వదినగారూ!” అని మూడింటినీ పళ్ళెంలో పేర్చి బల్ల మీద పెట్టేసింది.

అందరూ పళ్ళెం చూశారు, తర్వాత ఆ ఇద్దరినీ చూశారు. కంగారులో దౌరేన్ నోరు జారాడు. “పెద్దది... ఎవరు ఎక్కువ గెలిస్తే వాళ్ళకి!”

ఉల్‌మెకెన్‌కు అంబులెన్సు కూత అప్పుడే చెవుల్లో వినబడింది.

తెమిర్‌బోలాత్ గొంతు సవరించుకుని పళ్ళేన్ని అవతలికి నెట్టాడు. “ఇందులో అడగడానికేముంది? వియ్యంకుడే గొప్ప. కరగండాలో నేను జారలేదు. ఆయన ఎడమచేతి దెబ్బకే పడ్డాను.”

సెయిల్‌ఖాన్ చేతిలోని టీ ఒలికిపోయింది.

“అదేం మాట!” కైరొల్లా పళ్ళేన్ని వెనక్కి నెట్టాడు. “తాష్కెంట్‌లో లేసు ఊడలేదు, నా దవడ ఊడింది! నాకౌట్లు ఎవరికెక్కువ? నీకే. తిను.”

“పతకాలు ఎవరికెక్కువ? నీకే. నువ్వే తిను.”

“నన్ను గొప్పవాణ్ణంటావా?” కైరొల్లా లేచి నిలబడ్డాడు. “మీవాడే గొప్పని మీరంతా ఒప్పుకుంటేనే మా పిల్లనిస్తాం!”

“మీవాడే గొప్పని మీరు ఒప్పుకుంటేనే మేం చేసుకుంటాం!” తెమిర్‌బోలాతూ లేచాడు. బల్ల కదిలింది. దౌరేన్ మొహం పాలిపోయింది.

ఉల్‌మెకెన్ చూపు వాళ్ళ టీ కప్పుల మీద పడింది. నూనెలో వేయించిన రొట్టెముక్కలు రెండింటిలోనూ మునిగి, మెత్తబడి, తేలుతున్నాయి. ఎవరి పక్కనా కొరికిన ముక్క ఒక్కటి లేదు. ఒకరి పళ్ళు ఒకరు ఎప్పుడో రాలగొట్టుకున్నారు. మిగిలినవి వయసు రాలగొట్టింది.

ఆమె పళ్ళెం వంటింట్లోకి ఎత్తుకుపోయింది. మూడు తలల మాంసాన్నీ మెత్తగా నూరినట్టు తరిగి, చారులో కలిపి, ఒకే కొలత గిన్నెలు రెండు తెచ్చింది. “పెద్ద తల ఎవరికొచ్చిందో నాకే తెలీదు బావగారూ, అన్నీ కలిసిపోయాయి. చల్లారకముందే తాగండి.”

ఇద్దరూ కూర్చున్నారు. చెంచాలు అందుకున్నారు.

“నేల కాస్త తడిగానే ఉందనుకో,” అన్నాడు తెమిర్‌బోలాత్, సగం గిన్నె ఖాళీ అయ్యాక.

“లేసు కూడా కొంచెం వదులే,” అన్నాడు కైరొల్లా.

సంబంధం ఖాయమైంది. పెళ్ళి తేదీ మాత్రం ఇద్దరికీ పళ్ళ సెట్లు వచ్చాక చూసుకుందామనుకున్నారు.