చలి గదిలో లేదు, మీ ఒంట్లో ఉంది

చలి అనేది అసలు లేనే లేదు! ఉన్నదల్లా మీ ఒంట్లో లోపం.

ఈ మాట వినగానే కొందరు పాఠకులు దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి నన్ను తిట్టబోతారని నాకు తెలుసు. వద్దు, చెయ్యి లోపలే ఉంచుకోండి. ఉన్న కాస్త వేడీ ఖర్చయిపోతుంది. శీతాకాలం దాచుకునే కాలం. పాము బొరియలో దాక్కుంటుంది. కప్ప బురదలో దాక్కుంటుంది. మా మేనేజర్ షెన్ గారు ఏసీ రిమోట్‌ను తన టేబుల్ సొరుగులో దాచి తాళం వేస్తారు. అంతా ప్రకృతి ధర్మమే!

ఉత్తర చైనా వాళ్ళను చూస్తే నాకు జాలి. వాళ్ళ ఇళ్ళల్లో గొట్టాలు ఉంటాయి, వాటిలో వేడినీళ్ళు పారతాయి, జనవరి నెలలో బనియన్ వేసుకుని ఐస్‌క్రీం తింటూ కూర్చుంటారు. ఇక తమ శరీర తత్వం ఏమిటో వాళ్ళకు ఏ జన్మలో తెలియాలి? మాది దక్షిణాన, షావోషింగ్ పక్కన చిన్న ఊరు. ఇక్కడ గొట్టాలు లేవు. ఉతికిన బట్టలు వారం రోజులైనా తడిగానే వేలాడుతుంటాయి, ఇంట్లోకి వస్తే కోటు విప్పడం కాదు, ఇంకోటి తొడుక్కోవాలి. అందుకే మా ఊళ్ళో పసిపిల్లాడికి కూడా తన నాలుక రంగేమిటో తెలుసు.

మొన్న మార్కెట్‌లో ముల్లంగి కొనబోయాను. అమ్మే ఆవిడ బేరం మొదలుపెట్టకముందే నా మొహంలోకి తేరిపార చూసింది.

"బలానికి జిన్‌సెంగ్ వేరు ఏమన్నా వాడుతున్నావా?"

"లేదు పిన్నీ."

"వాడితే మాత్రం ఇది తినకు. ఆ బలమంతా లాగేస్తుంది. మొహం చూస్తే పాలిపోయినట్టుంది, మాంసంలో వేసుకుని వండించుకో, పచ్చిది కొరికావంటే చలవ చేసి చస్తావ్!"

ముల్లంగి కొంటే వైద్యం ఉచితం! ఏ దేశంలో దొరుకుతుందండీ ఇంతటి శ్రద్ధ?

ఇంటికి వస్తే ఇంకా భాగ్యం. మా అత్తగారి వైపు బంధువుల వీచాట్ గ్రూపులో తెల్లారేసరికి అందరూ తమతమ నాలుకల ఫొటోలు పెడతారు. పెద్ద మామగారు టీ తాగుతూ ఒక్కొక్క నాలుకకూ తీర్పు చెబుతారు. తెల్లగా ఉంటే అల్లం, పసుప్పచ్చగా ఉంటే చేమంతి టీ, అంచుల్లో పళ్ళ గుర్తులు ఉంటే బార్లీ జావ. ఒకసారి మా మరదలు పొరపాటున కుక్కపిల్ల ఫొటో పెట్టింది, పాపం దాని నాలుక బయటికే ఉంది. మామగారు దానికీ ఎర్ర రేగుపండ్లు రాశారు. ఎవరూ నవ్వలేదు. ఆరోగ్యంతో పరాచికాలా?

నేను మాత్రం బుద్ధిమంతుణ్ణి. పొద్దున నల్ల నువ్వుల జావ, మధ్యాహ్నం వేటమాంసం పులుసు, సాయంత్రం అల్లం, ఎర్ర రేగుపండ్లు మరిగించిన నీళ్ళు, పడుకునే ముందు మాచిపత్రి వేసిన వేడినీళ్ళ బకెట్‌లో పాదాలు. ఇవన్నీ అయ్యాక కూడా చలేసిందంటే తప్పెవరిది? నాదే! నేను మనసు పెట్టి తినలేదన్నమాట.

ఇంత గొప్ప విద్యను మా గొడుగుల ఫ్యాక్టరీలోకి తెచ్చిన ఘనత మేనేజర్ షెన్ గారిది. ఎలా తెచ్చారో చెప్పాలంటే ముందు రువాన్ అక్క గురించి చెప్పాలి.

రువాన్ అక్క మా గదిలో నమూనాలు కుడుతుంది. మిగతా గొడుగులన్నీ మిషన్ల మీద వెళ్ళిపోతాయి కానీ, వసంతకాలం ఎగ్జిబిషన్‌లో బేరగాళ్ళకు చూపించే గొడుగుల్ని మాత్రం ఆమే చేత్తో కుట్టాలి. పలచటి పట్టుగుడ్డను ఊచ చివర దాకా లాగి, కుట్టు కనపడకుండా బిగించాలి. ఈ ఏడాది గుడ్డ రంగు పాలనురుగు తెలుపు. రువాన్ అక్క బొటనవేలు, చూపుడువేలు చలికి వాచి, ఎర్రబడి, చివర్లు పగిలాయి. సూది గుచ్చి లాగినప్పుడల్లా రక్తం చిమ్ముతోంది. తెల్లగుడ్డ మీద ఒక్క ఎర్ర చుక్క పడిందంటే ఆ గొడుగు చెత్తబుట్టలోకే. అప్పటికే రెండు పోయాయి. ఇంకా పాడైతే ఈ పని వేరే వాళ్ళకిచ్చి నిన్ను ప్యాకింగ్‌కు పంపుతానని షెన్ గారు చెప్పేశారు. ఇరవయ్యేళ్ళుగా కుట్టిన మనిషి అట్టపెట్టెలకు టేపు అంటించాలన్నమాట.

అక్క వెళ్ళి అడిగింది. మా గది గోడకు ఏసీ ఉంది, అది వేడిగాలి కూడా ఇస్తుంది, కాస్త రిమోట్ ఇప్పించండి సార్, అని.

షెన్ గారి గది వెచ్చగా ఉంటుంది. ఆయన చొక్కా చేతులు మడిచి చేమంతి టీ తాగుతున్నారు.

"రువాన్, బయటినుంచి వచ్చే వేడి అరువు వేడి. లోపలినుంచి వచ్చేదే సొంత వేడి. నీకు లోపల తక్కువైంది. రిమోట్ ఇచ్చి నీ ఆరోగ్యం నేను చెడగొట్టనా?" అన్నారు.

ఎంత ప్రేమ! అంతటితో ఊరుకోలేదు. పట్నం నుంచి డాక్టర్ పాంగ్‌ను పిలిపించారు. ఆయన మనుషుల్ని తొమ్మిది తత్వాలుగా విడగొట్టి, ఎవరికి ఏది ఎక్కువో ఏది తక్కువో చెప్పి సరిచేస్తారు.

డాక్టరు గారు మా గదిలో బల్ల వేసుకుని కూర్చున్నారు. బొచ్చు టోపీ తీయలేదు, మఫ్లర్ తీయలేదు. చేతి తొడుగు మాత్రం తీయక తప్పలేదు, నాడి చూడాలి కదా! మూడు స్వెట్టర్ల చేతులు పైకి లాక్కుని నేను నా మణికట్టు చాపాను. ఆయన వేళ్ళు తగలగానే నా నాడి హడలిపోయి ఎక్కడికో పారిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు వెతికారు.

"చాలా లోతుగా ఉంది. నీరసంగా ఉంది. యాంగ్ లోపం" అన్నారు.

యాంగ్ అంటే ఒంట్లో ఉండాల్సిన వేడి, చురుకు. అది నాకు లేదు. నా పక్కవాడికీ లేదు. గదిలో ఉన్న పన్నెండు మందిలో ఒక్కరికీ లేదు! తర్వాత డాక్టరు గారు వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ షెన్ గారి గదిలోకి వెళ్ళి ఆయన నాడి చూశారు. ఆయనకు వేడి ఎక్కువైందట. చలవ చేసే వస్తువులు తినాలట, మంచి పియర్ పండ్లు తెప్పించుకోవాలట. చూశారా వైద్యశాస్త్రం గొప్పతనం? ఒకే కప్పు కింద గోడకు ఇటు పన్నెండు లోపాలు, అటు ఒక మిగులు. గోడను అనుమానించే అల్పబుద్ధి మాకు లేదు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఉపన్యాసం. అల్లం గురించి, నువ్వుల గురించి, బలానికి తినే గాడిద చర్మం జిగురు గురించి డాక్టరు గారు కమ్మగా చెప్పారు. షెన్ గారు ముందు వరసలో కూర్చుని తలాడించారు. చివర్లో రువాన్ అక్క లేచింది.

"డాక్టరు గారూ, తిండి సంగతి సరే. మాలాంటి వాళ్ళు నిద్రెప్పుడు పోవాలి, ఎప్పుడు లేవాలి?"

పాంగ్ గారి మొహం వెలిగిపోయింది. ఆయనకు ఇష్టమైన ప్రశ్న అది.

"అద్భుతంగా అడిగావమ్మా! పెద్దలు చెప్పిందే. చలికాలంలో పెందలాడే పడుకోవాలి, ఆలస్యంగా లేవాలి. ఎండ పడేదాకా గడప దాటకూడదు. నీలా యాంగ్ లోపం ఉన్నవాళ్ళు మరీనూ. పొద్దున మంచులో బయటికొస్తే తిన్న మందంతా వృథా!"

షెన్ గారికి దగ్గు వచ్చింది. చేమంతి టీ ఆపకుండా తాగినా తగ్గని దగ్గు.

మా ఫ్యాక్టరీలో పని ఎనిమిదింటికి మొదలు. మర్నాడు రువాన్ అక్క ఎండ పడ్డాక వచ్చింది. మా ఊళ్ళో ఎండ పదింటికి గానీ మంచు దాటి రాదు.

"టైం ఎంతయింది?" అన్నారు షెన్ గారు.

"నాకేం తెలుసు సార్. ఎండ పడింది, వచ్చాను. మీరు డబ్బు పోసి పిలిపించిన డాక్టరు మాట జవదాటితే మీకు అవమానం కాదా?"

ఆ మరుసటి రోజు మేం పన్నెండు మందిమీ ఎండతోపాటే వచ్చాం. ఆ తర్వాతి రోజు మబ్బు పట్టింది. ఎవరూ రాలేదు.

ఇంట్లో దుప్పటి కప్పుకుని నేను ఆలోచించాను. ఇంత క్రమశిక్షణ మా ఫ్యాక్టరీ చరిత్రలో ఎన్నడైనా ఉందా? ఒక్కరంటే ఒక్కరు ఆరోగ్య నియమం తప్పలేదు!

షెన్ గారు మాత్రం సంతోషించలేదు. ఎగ్జిబిషన్ ముంచుకొస్తోంది. డాక్టర్ పాంగ్‌ను మళ్ళీ పిలిపించారు, ఈసారి ఏం చెప్పాలో చెప్పి మరీ పిలిపించారని గేటు దగ్గర వాచ్‌మన్ అన్నాడు. నేను నమ్మను. వైద్యుణ్ణి అనుమానించడం నా తత్వంలో లేదు. కాకపోతే డాక్టరు గారు ఒక షరతు పెట్టారు. మా గదిలో కూర్చుంటే తన వేళ్ళు పనిచేయవు, పరీక్ష షెన్ గారి గదిలోనే చేస్తానన్నారు.

అలా మేమందరం ఆ గదిలోకి అడుగుపెట్టాం. అబ్బ! తలుపు వేయగానే అందరం ఏసీ కింద గుమిగూడాం. మొదట మఫ్లర్లు ఊడాయి, తర్వాత కోట్లు. కాసేపటికి ఒకరి బుగ్గలు ఒకరు చూసుకుని ఆశ్చర్యపోయాం. ఎర్రగా, పెళ్ళికి వచ్చినవాళ్ళలా ఉన్నాం. రువాన్ అక్క తన వేళ్ళను మెల్లగా ముడుస్తూ, చాపుతూ, వాటినే చూస్తూ కూర్చుంది. అవి ముడుచుకుంటున్నాయి. ఎన్నాళ్ళయిందో.

డాక్టరు గారి వేళ్ళు కూడా వెచ్చగా ఉన్నాయి. నా నాడి పారిపోకుండా బుద్ధిగా నిలబడింది. ఒక్కొక్కరినీ చూసి ఆయన ఒకే మాట అన్నారు: సమతత్వం. అంటే ఏ లోపమూ లేని, తొమ్మిదింటిలోకీ ఉత్తమమైన ఒళ్ళు! పన్నెండు మందికీ అదే.

"ఏ మందు పనిచేసిందంటారు?" అని అడిగాను నేను, శాస్త్రం మీద గౌరవంతో.

డాక్టరు గారు షెన్ గారి వైపు చూశారు. షెన్ గారు ఏసీ వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

"అల్లం" అన్నారు పాంగ్ గారు.

"విన్నారుగా!" షెన్ గారు చేతులు రుద్దుకున్నారు. "అందరికీ నయమైపోయింది. రేపట్నుంచి ఎనిమిదింటికి రండి. ఇక వెళ్ళి పని చూసుకోండి."

అందరం కోట్లు తొడుక్కుంటున్నాం. రువాన్ అక్క కదల్లేదు.

"అయితే సార్, నా ఒంట్లో ఇక ఏ లోపమూ లేనట్టేనా?"

"లేదమ్మా. నిక్షేపంలా ఉన్నావు."

"డాక్టరు గారూ, మీరు కూడా చెప్పండి. లేదా?"

"లేదమ్మా, లేదు."

"మంచిది. మరి రేపు ఆ గదిలో నాకు చలేస్తే, ఆ లోపం దేనిదంటారు?"

గదిలో ఏసీ వెచ్చగా ఊదుతూనే ఉంది. ఇన్నాళ్ళూ చలికి మా ఒళ్ళే పూచీ. ఇప్పుడు మా ఒళ్ళు నిర్దోషి అని వాళ్ళే తీర్పు చెప్పేశారు. ఇక మిగిలింది ఏమిటి? నాలుగు గోడలు, ఒక సొరుగు, దాని తాళంచెవి.

కానీ షెన్ గారిని తక్కువ అంచనా వేయకండి. ఆయన మొహంలో నెమ్మదిగా వెలుగు వచ్చింది.

"ఫెంగ్‌షుయ్!" అన్నారు. "మీ గది తలుపు ఉత్తరానికి ఉంది. నేనే గమనించలేదు, తప్పు నాదే. వచ్చే వారం ఆ శాస్త్రం తెలిసిన ఆయన్ను పిలిపిస్తా. దిక్కు సరిచేస్తే అన్నీ సర్దుకుంటాయి."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఒంట్లో లోపం అయిపోతే దిక్కులో లోపం! దిక్కు అయిపోతే జాతకంలో లోపం! తాత ముత్తాతలు ఎక్కడికి పోయారు, వాళ్ళ సమాధుల్లోనూ ఏదో ఒక లోపం దొరక్కపోదు. ఇన్ని శాస్త్రాలు ఉన్న దేశంలో ఒక తాళంచెవి ఎంతకాలమైనా క్షేమంగా ఉంటుంది.

రువాన్ అక్క లేచింది. తలుపు వైపు కాదు. షెన్ గారి తోలు సోఫా దగ్గరికి వెళ్ళి, మధ్యలో స్థిరంగా కూర్చుంది.

"ఆయన వచ్చి దిక్కు మార్చేదాకా నేను ఇక్కడే కుడతాను. ఈ గది దిక్కు బాగుంది. జిన్ తమ్ముడూ, కాస్త నా బుట్ట, ఆ తెల్లగుడ్డ పట్రా. సూదులు జాగ్రత్త, పడేసుకుంటావు."

"రువాన్! ఇది నా గది!" అన్నారు షెన్ గారు.

"మీ గదే సార్. మీ గొడుగులే. ఎగ్జిబిషన్‌లో పాడైతే పోయే పరువు కూడా మీదే. నేను కుట్టనన్నానా, ప్యాకింగ్‌కి పోతానన్నానా?"

ఆయన చేమంతి టీ ఒక గుక్క తాగారు. అదీ చల్లారిపోయినట్టుంది.

నేను మా గదికి వెళ్ళాను. తలుపు తీయగానే చలి, క్షమించాలి, నా ఒంటి లోపం, మొహాన కొట్టింది. బుట్ట తీసుకున్నాను. గుడ్డ మడిచి పెట్టాను. సూదులు లెక్కపెట్టి కోటుకు గుచ్చుకున్నాను. వెనక్కి తిరగబోయి, ఆగి, ఇంకో చేత్తో నా కుర్చీ కూడా ఎత్తుకున్నాను.

పాఠకులారా, ఇంతసేపు మీకు చాలా శాస్త్రం చెప్పాను. అల్లం మంచిదే, తాగండి. మాచిపత్రి మంచిదే, కాళ్ళు ముంచుకోండి. నా నాలుక ఏ రంగులో ఉందో, నాలో యాంగ్ ఎంతుందో నాకిప్పుడు అక్కర్లేదు. చలేస్తోందండీ. అంతే. మా అందరికీ చలేస్తోంది.