ఆరు ల్యాబుల ఏకాభిప్రాయం

బ్రిటన్‌లో రామన్ స్పెక్ట్రోస్కోపీ చేసే శాస్త్రవేత్తలందరినీ ఒక్క తాటి మీదికి తెస్తానని 2004 జనవరిలో డాక్టర్ కిషన్‌రావు గారు ఎడిన్‌బర్గ్‌లో ప్రకటించారు. ప్రకటన పదకొండు నిమిషాలు, లంచ్ రెండు గంటలు. ఆయన లేజర్ యంత్రాన్ని ముట్టుకుని తొమ్మిదేళ్లయింది. అందుకే ఆయనకు ఏ యంత్రం మీదా పక్షపాతం లేదు.

పథకం తేలికైనదే. ఒకే తెల్లపొడి ఆరు ల్యాబులకు వెళ్తుంది. దాని మీద లేజర్ కాంతి వేస్తే గ్రాఫులో ఒక శిఖరం లేస్తుంది. అది ఏ అంకె దగ్గర లేచిందో ఆరుగురూ రాసి పంపాలి. అందరిదీ ఒకటే అయితే సహకారం కుదిరినట్టు. ఈ ఆరు ల్యాబుల నెట్‌వర్కుకు మరో మూడేళ్లు గ్రాంటు వస్తుంది.

ఆరో ల్యాబు కిషన్‌రావు గారిదే. అందులో యంత్రం చూసేది హైమ. సిలికాన్ ముక్కతో యంత్రాన్ని సరిచూసుకోందే ఆమె కాఫీ కూడా తాగదు. మార్చి నెలాఖరుకి ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. కాంట్రాక్టుతో పాటే వర్క్ పర్మిట్ కూడా. కూతురు అపూర్వ స్కూలేమో జూన్ దాకా ఉంది. కాంట్రాక్టు పొడిగించాల్సింది కిషన్‌రావు గారే.

ఐదు ల్యాబులూ వెయ్యీ ఎనిమిది అని రాశాయి. హైమకు వెయ్యీ ఒకటి వచ్చింది. మూడు రోజులు, రోజుకు నాలుగుసార్లు కొలిచింది. వెయ్యీ ఒకటే.

"ఏందమ్మా హైమా," అన్నారు కిషన్‌రావు గారు బాధగా. "ఐదుగురు ఒక దిక్కుంటే నువ్వొక్కదానివి ఇంకో దిక్కా? ఇది సహకారమమ్మా, పోటీ కాదు."

"యంత్రం బాగానే ఉందండి. వాళ్లెలా కొలిచారో ఒకసారి కనుక్కుంటాను సార్."

హైమ ఐదో ల్యాబుకు ఫోన్ చేసింది.

"మా లేజర్ నవంబరు నుంచి రిపేర్లో ఉంది. నాలుగో ల్యాబు వాళ్లనడిగి రాశాం."

నాలుగో ల్యాబు: "మేం కొలిచాం. వేరే అంకె వచ్చింది. మూడోవాళ్లది పెద్ద యూనివర్సిటీ కదా, మనకెందుకులే అని దిద్దుకున్నాం."

మూడో ల్యాబు: "రెండో ల్యాబు ప్రొఫెసర్ చేతిలో మా గ్రాంటు దరఖాస్తు ఉంది."

రెండో ల్యాబు: "మొదటి ల్యాబు వాళ్లు కొత్త మెషీన్ కొన్నారు. దాన్ని కాదంటామా?"

మొదటి ల్యాబులో గోర్డన్ అనే పెద్దాయన ఫోనెత్తాడు. "కొత్త మెషీన్ ఇంకా పెట్టెలోనే ఉందమ్మాయ్. ఈ పథకంలో చేరమని మీరు పంపిన ఆహ్వానపత్రం మీద గ్రాఫుంది కదా, అందులో చూసి రాశాం."

హైమ ఆహ్వానపత్రం తీసుకుని కిషన్‌రావు గారి గదికి వెళ్లింది.

"సార్, ఈ గ్రాఫు ఎవరు కొలిచారండి?"

"కొలిచేదేంది? మా మిసెస్ గీసింది. నిర్మలాదేవి చెయ్యి మంచిగుంటది." ఆయన ముఖం వెలిగింది. "శిఖరం మన లోగోకు అడ్డమొస్తుందని జరంత కుడికి జరిపింది."

"సార్, ఐదు ల్యాబులూ..." అని హైమ ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయన మొత్తం విన్నారు. కోప్పడలేదు. ముందుకు వంగారు.

"ఐదింటికీ నువ్వే ఫోన్ చేసినవా?"

"అవునండి."

"గోర్డన్ ఎత్తిండా? నేను చేస్తే రెండేళ్ల నుంచి ఎత్తడు!"

ఆ సాయంత్రమే ఆయన రిపోర్టులో 'ల్యాబుల మధ్య అపూర్వమైన సంప్రదింపులు' అని ఒక అధ్యాయం చేరింది. ఇంతమందితో మాట్లాడిన మనిషి దేశంలో ఇంకొకరు లేరు కనుక, హైమను మూడేళ్లకు కో-ఆర్డినేటరుగా వేశారు. కాగితం మీద సంతకం పెట్టి, కలం మూయకుండా ఆమెకే అందించారు.

"ఆ ఒక్క అంకె సరిచేసి పోమ్మా. మంచి రిపోర్టుల మచ్చ ఎందుకు?"

హైమ కలం చాలాసేపు పట్టుకుంది. ఒకటిని ఎనిమిది చేయడానికి పెద్ద శ్రమేం లేదు. పైనొక సున్నా, కిందొక సున్నా చుడితే చాలు.

గ్రాంటు వచ్చింది. రెండో దశకు కొత్త పొడి పంపిస్తున్నామని ఆరు ల్యాబులకూ కబురు వెళ్లింది. మర్నాడే గోర్డన్ ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఈసారి మీరే ముందు చెప్పేయండి. మేమందరం అదే వేస్తాం."

"పొడి మాకింకా రాలేదు."

"మాకూ రాలేదు. అంకె చెప్పు."

హైమ తల తిప్పి బయటికి చూసింది. కిటికీ అవతల స్టాపులో బస్సు వచ్చి ఆగింది. దాని నంబరు నలభై ఒకటి.

"వెయ్యీ నలభై ఒకటి," అంది.

"థాంక్యూ అమ్మాయ్," అని గోర్డన్ ఫోన్ పెట్టేశాడు.

రెండు వారాల్లో ఆరు ల్యాబుల ఫలితాలూ అందాయి. ఒక్కటీ తేడా లేదు. కిషన్‌రావు గారు మళ్లీ లంచ్ ఇచ్చారు.

పొడి మూడో వారంలో వచ్చింది.