ఎనిమిది స్ప్రింగులు, ఏడు కిలోలు

సోమవారం పొద్దున లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారి షెడ్డులో విప్పి పెట్టిన పాత కారు ఇంజనులోంచి ఎనిమిది వాల్వ్ స్ప్రింగులూ తీసి, ఒక్కొక్కదాన్నీ పరీక్షించి, బాగుంటే మళ్ళీ బిగించేయాలి. గంట పని. తొమ్మిదింటికల్లా బడికి వెళ్ళిపోవచ్చు.

ఆ కారు మామగారి పెళ్ళినాటిది. మాస్టారి భార్య స్టీరింగు పట్టడం నేర్చుకున్నది అందులోనే. పదిహేనేళ్ళుగా దుమ్ము కొట్టుకుపోయిన ఆ కారును ఏం చేయాలన్న మాట వచ్చినప్పుడు, మాస్టారి తోడల్లుడు తన ఫర్నిచర్ షాపు ముందు పెట్టుకుంటానన్నాడు. ఇంజను పీకేసి ఆ చోట పూలకుండీలు పెడితే జనం ఆగి చూస్తారట. అది విని మాస్టారి భార్య రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మొగుడితో ఒకే మాట అంది: "ఒక్కసారి నేను నడుపుతూ ఆ వాటర్ ట్యాంకు మెట్ట ఎక్కాలండీ."

మామగారు తీర్పు చెప్పారు. "ఆదివారం పొద్దున కారు వాటర్ ట్యాంకు దాకా ఆగకుండా ఎక్కితే పెద్దల్లుడిది. మధ్యలో ఆగిందా, చిన్నల్లుడు పూలు పెంచుకుంటాడు."

స్ప్రింగుల సంగతి సున్నితమైనది. మెత్తబడితే వాల్వు వేళకు మూసుకోదు, ఎత్తు దగ్గర ఇంజను ఊపిరి తీసుకోలేక చతికిలబడుతుంది. మరీ గట్టివైతే లోపలి సామానంతా నలిగిపోతుంది. ఫలానా ఎత్తుకు నొక్కినప్పుడు ఇరవై కిలోల బలం చూపాలని కారుతోపాటు వచ్చిన పుస్తకంలో ఉంది. మాస్టారు అత్తగారినడిగి బాత్రూములోని బరువు మిషన్ తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో దానికి మంచి పేరుంది. డాక్టరు బరువు తగ్గమన్నాక అత్తగారు ప్రతి ఆదివారం మామగారిని దానిమీద నిలబెడుతుంది. మూడు నెలల్లో ఆయన ఏడు కిలోలు తగ్గారని బంధువులందరికీ ఫోన్లు వెళ్ళాయి.

మాస్టారు మిషన్ ముల్లు సున్నా దగ్గర ఉందని రెండుసార్లు చూసుకుని, దానిమీద స్ప్రింగు పెట్టి, షెడ్డులోని డ్రిల్లింగ్ మిషన్ కిందికి చేర్చి, పిడి దించి పుస్తకంలో చెప్పిన ఎత్తుకు నొక్కాడు. పదమూడు. ఇంకోటి పెట్టాడు. పదమూడు. ఎనిమిదికి ఎనిమిదీ పదమూడే.

"చచ్చిపోయాయి" అన్నాడు మాస్టారు.

ఇంజను విప్పడానికి సాయం వచ్చిన లేత్ మేస్త్రి ఒకదాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. నలభై ఏళ్ళుగా ఆయన కొలబద్ద ఆ వేలే. "వీటికేం మాయరోగం మాస్టారూ? నిక్షేపంలా ఉన్నాయి."

"వేలితో నొక్కితే అంకె కనబడుతుందా?"

"అంకె కనబడదండీ. స్ప్రింగు తెలుస్తుంది."

మాస్టారు ఆ మాట చెవిన పెట్టలేదు. పాతికేళ్ళుగా పిల్లలకు లెక్క నేర్పుతున్న మనిషి బొటనవేలిని నమ్మితే ఇంకేముంది. పాత స్ప్రింగుల్ని చెత్తబుట్టలో పడేసి, మేస్త్రి కొట్టుకు వెళ్ళి, డబ్బాలన్నీ బోర్లించి, అదే బరువు మిషన్ మీద సరిగ్గా ఇరవై చూపించే ఎనిమిదింటిని ఏరుకున్నాడు.

"ఇవి లారీవండీ" అన్నాడు మేస్త్రి.

"ఇరవై అంటే ఇరవయ్యే. లారీకి వేరే ఇరవై ఉంటుందా?"

మేస్త్రి మూటగట్టి ఇచ్చాడు.

గురువారం సాయంత్రం ఇంటిల్లిపాదీ షెడ్డు ముందు నిలబడ్డారు. హ్యాండిల్ తిప్పడానికి మాస్టారికి శక్తి చాలలేదు. మేస్త్రి కూడా చెయ్యి వేస్తే ఇంజను అంటుకుంది. అంటుకుని, గిన్నెల బీరువా మెట్ల మీంచి దొర్లినట్టు చప్పుడు చేసింది. గేటు దాకా వెళ్ళింది. అక్కడ ఠంగుమని ఆగింది. విప్పి చూస్తే వాల్వును నెట్టే కడ్డీ ఒకటి విల్లులా వంగి ఉంది.

తోడల్లుడు జేబులోంచి టేపు తీసి బానెట్టు వెడల్పు కొలిచాడు. "ఆరు కుండీలు పడతాయన్నయ్యా. గులాబీలు పెట్టమంటారా, బంతిపూలా?"

"లెక్కల మాస్టారికి లెక్క తప్పింది" అన్నారు మామగారు, అందరికీ వినబడేలా. భార్య డ్రైవరు సీటు మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. మాస్టారికి నిజంగా ఏడుపొచ్చింది.

శుక్రవారం బడికి డాక్టరు వచ్చి టీచర్లందరినీ పరీక్షించి వెళ్ళాడు. మాస్టారు డెబ్బై కిలోలున్నాడు. శనివారం పొద్దున బరువు మిషన్‌ను అత్తగారి బాత్రూములో పెట్టేసి, ఊరికే ఒకసారి ఎక్కాడు. అరవై మూడు.

'దిగులుతో ఒక్కరోజులో ఏడు కిలోలు తగ్గిపోయాను' అనుకుని గోడ పట్టుకున్నాడు. తర్వాత ప్యాంటు నడుము దగ్గర వేలు దూర్చి చూశాడు. దూరలేదు. ప్యాంటు నిన్నటిలాగే బిగుతుగా ఉంది.

మాస్టారు మిషన్‌ను తిరగేశాడు. కింద ఒక చిన్న మర. ముందుకు తిప్పాడు. సున్నా దగ్గర ఒక బుడిపెకు ఆనుకుని బుద్ధిమంతుడిలా నిలబడ్డ ముల్లు ఎంతసేపటికీ కదల్లేదు. చాలా చుట్లు తిప్పాకగానీ బుడిపెను వదల్లేదు. ఎవరో మరను వెనక్కి తిప్పి పెట్టారు, మొదటి ఏడు కిలోలూ ముల్లుకు తెలియడం లేదు. మళ్ళీ ఎక్కితే డెబ్బై. పదమూడూ ఏడూ కలిపితే ఎంతో చెప్పడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు. పాత స్ప్రింగులు నిక్షేపంలా ఉన్నాయి, లారీవే ఏడు కిలోలు ఎక్కువ గట్టివి. మేస్త్రి వేలికి మనసులోనే దణ్ణం పెట్టుకుని చెత్తబుట్ట దగ్గరికి పరిగెత్తాడు. బుట్ట ఖాళీ.

"అత్తయ్యా, నేను పారేసిన స్ప్రింగులు చూశారా?"

"నేనే తీశాను నాయనా. వడ్రంగిని పిలిచి మీ మామయ్య కుర్చీ పలక కింద వేయించాను. ఏమిటో, మనిషి తగ్గుతుంటే కుర్చీ మాత్రం రోజురోజుకూ కుంగిపోతూ వచ్చింది."

మామగారు ఆ కుర్చీలోనే కూర్చుని పేపరు చదువుతున్నారు. కుర్చీ ఇప్పుడు చెక్కుచెదరకుండా ఉంది.

"మామగారూ, ఒక్కసారి లేవాలి."

"ఎందుకు లేవాలి? మూడు నెలల తర్వాత సుఖంగా కూర్చున్నాను. వెళ్ళి కుండీలకు మట్టి తెచ్చుకోమను మీ తోడల్లుణ్ణి."

మాస్టారు పేపరు దగ్గరగా వంగి గొంతు తగ్గించాడు. "బరువు మిషన్ కింద చిన్న మర ఉంది మామగారూ."

పేపరు కిందికి దిగింది. మామగారు వంటింటి వైపు చూశారు. "మీ అత్తయ్యకు చెప్పావా?"

"ఇంకా లేదు. నాకు స్ప్రింగులు కావాలి, అంతే."

మామగారు లేచిన వేగం చూస్తే నిజంగానే తగ్గారేమో అనిపించేది. ఆయనే కుర్చీ బోర్లించారు, ఆయనే స్క్రూడ్రైవరు పట్టి మరలు విప్పారు, ఎనిమిది స్ప్రింగులూ తువ్వాలుతో తుడిచి అల్లుడి చేతిలో పెట్టారు. "నీ లెక్క తప్పలేదోయ్" అన్నారు మెల్లగా. "తప్పు చేసింది నేను."

మధ్యాహ్నానికి మేస్త్రి వంగిన కడ్డీ బదులు కొత్తది చేసి తెచ్చాడు. సాయంత్రానికి ఇంజను కుట్టుమిషనులా మెత్తగా తిరిగింది. మేస్త్రి తన బొటనవేలిని ఒకసారి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున స్టీరింగు మాస్టారి భార్య చేతిలో ఉంది. పక్కన మాస్టారు, వెనక అత్తమామలు. మెట్ట మొదట్లో తోడల్లుడు ఆరు కుండీలతో ట్రాలీ ఆటో ఆపుకుని నిలబడ్డాడు. కారు అతన్ని దాటింది, మలుపు తిరిగింది, నిటారైన ఎత్తు దగ్గర గొంతు కాస్త పెంచింది. ఆమె గేరు మార్చి కాలు అదిమింది. ఎక్కడా తడబడకుండా వాటర్ ట్యాంకు నీడలోకి వచ్చి ఆగాక, ఆమె హారను మీద చెయ్యి వేసి నిమిషం పాటు తియ్యలేదు. కళ్ళు తడిసి ఉన్నాయి. మాస్టారు లోకాన్నే జయించినట్టు డోరు తీసుకుని దిగాడు.

"మీ మామయ్య ఏడు కిలోలు తగ్గబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఎక్కేదా నాయనా?" అంది వెనకసీట్లోంచి అత్తగారు.

మామగారు కిటికీలోంచి ట్యాంకును శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

"ఎక్కేది కాదత్తయ్యా" అన్నాడు మాస్టారు.

పాతికేళ్ళ ఉద్యోగంలో ఆయన తెలిసి తెలిసి తప్పుడు లెక్కకు మార్కులేసింది ఆ ఒక్కసారే.