పెంటయ్య తలకు తగిలిన దెబ్బ

ఆ పొద్దు పెంటయ్యకున్న పనులు రెండే. కొత్త మిషన్‌కు పూజ చేయడం, ఆ తర్వాత దాని మీద కళ్లు మూసుకుని నిలబడడం. పటాన్‌చెరులోని ఆ చిన్న ఫ్యాక్టరీలో అతను వాచ్‌మన్. అంతకుముందు పదిహేనేళ్లు సిపాయి. ఇస్నాపూర్‌లో కిరాయి గది, ఒక స్టవ్వు, ఒక కంచం. గేటు దగ్గర రోజుకు రెండొందల మంది అతనికి కనబడతారు. అతనే ఒక్కరికీ కనబడడు.

మిషన్ అంటే నాలుగు కాళ్ల ఇనుప పలక. దగ్గర్లో బాంబు పేలిన సిపాయికి పైకి గాయం లేకపోయినా, లోపల మెదడు అదిరి ఉంటే నిలబడ్డప్పుడు ఒళ్లు ఊగుతుంది. ఊగితే ఎర్ర లైటు, లేకపోతే పచ్చ లైటు. మిలిటరీ నుంచి మేజర్ గారు చూడడానికి వచ్చారు. ముందుగా ఏ జబ్బూ లేని మనిషిని నిలబెట్టి చూపాలి. పనిలేకుండా దొరికింది పెంటయ్య ఒక్కడే.

ఎక్కాడు. ఎర్ర లైటు వెలిగింది.

పరీక్షలు చూసే శకుంతల కంగారుపడింది. "కాకా, జెర కూసో. ఎప్పుడన్న తలకు తగిలిందా?"

"లేదు మేడం."

"యాదికి లేదేమో! గదే పరేషాన్." చాయ్ తెప్పించింది. "పొద్దున ఏమన్న తిన్నవా? ఇంట్ల ఎవరుంటరు?"

ఆ మాట తనను ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో పెంటయ్యకు గుర్తురాలేదు. ఆమె తన డబ్బాలోంచి సగం నిమ్మకాయ పులిహోర పెట్టింది. పులుపు నాలుకకు తగలగానే అతనికి సంగతి అర్థమైంది. పూజలో, కొత్త లారీ చక్రాలకు పెట్టినట్టే, పలక నాలుగు కాళ్ల కిందా నిమ్మకాయలు పెట్టాడు. లారీ అయితే కదిలి తొక్కేసేది. పలక ఎక్కడికీ పోదు, ఆ కాయల మీదే ఊగుతోంది. పైగా అవి కనబడకుండా చుట్టూ పూజకు కట్టిన ఎర్రగుడ్డ. పెంటయ్య ముద్ద మింగాడు, మాట కూడా మింగాడు.

"మిషన్ మంచిగనే ఉంది, సూడుండ్రి" అంటూ మేనేజర్ వెంకటనారాయణ ఎక్కాడు. ఎర్ర లైటు. నెల కింద బాత్‌రూం తలుపు నుదుటికి తగలడం గుర్తొచ్చి తల పట్టుకుని కూలబడ్డాడు. "మా ఇంటికి ఫోన్ కొట్టుండ్రి!"

చివరికి మేజర్ గారే ఎక్కారు. మళ్లీ ఎర్ర లైటే. ఆయన మొహం పాలిపోయింది. దిగి టోపీ సర్దుకుని, "ఇది పనికిరాదని రాస్తాను" అన్నారు.

పటాలంలో దోస్తు నర్సింహ గుర్తొచ్చాడు పెంటయ్యకు. బాంబు పేలిన మర్నాడు ఊగుతూ నడిస్తే, తాగాడని శిక్ష వేశారు. చూపించుకోవడానికి పాపం అతనికి గాయమైనా లేదు. పెంటయ్య పులిహోర పక్కన పెట్టి లేచాడు.

"తప్పయింది సార్. నిమ్మకాయలు నేనే పెట్టిన, తీయలే."

తీశాక అందరికీ పచ్చ లైటే. అందరూ నవ్వారు. మిషన్ బాగుందని రాసుకుని ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. శకుంతల డబ్బాకు మూత పెట్టింది.

"నీకేం గాలే కాకా, ఇగ గేటు కాడికి పో. రేపు పాత మిషన్ సూస్తం. ఎట్లైనా పారేసేదే, ఊకె ఒకసారి నిలవడుదువు."

ఏ జబ్బూ లేదని తెలిసి అంత దిగులుపడిన మనిషి ఆ ఫ్యాక్టరీలో మరొకరు లేరు.

సాయంత్రం ఇస్నాపూర్‌లో బస్సు దిగి నాలుగు నిమ్మకాయలు కొన్నాడు. పులిహోర చేయడం అతనికి రాదు.