నగర ఆస్తి ఎల్మర్ బోడ్నార్

డెల్బరీ నగర మేయర్ శ్రీ రాండల్ ప్రూయిట్ అక్టోబరు రెండో తేదీ ఉదయం పదింటికి సిటీ హాలు మెట్ల మీద నిలబడి, ఎల్మర్ బోడ్నార్ జోస్యాలను నగర ఆస్తిగా ప్రకటించారు. వీధి దీపాలు, చెత్త లారీలు, పార్కు బెంచీలు ఎలాగో ఇకపై బోడ్నార్ అభిప్రాయాలు కూడా అలాగే ప్రజలవని, వాటికి నష్టం కలిగించేవారి మీద చర్య తప్పదని హెచ్చరించారు. కౌన్సిల్ తొమ్మిది ఓట్లతో ఈ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ కౌన్సిల్ పదకొండేళ్లలో ఏకగ్రీవంగా ఒప్పుకున్నది అదొక్కటే.

సదరు ఆస్తికి ఈ సంగతి గడ్డం గీసుకుంటుండగా రేడియోలో తెలిసింది.

బోడ్నార్‌కు యాభై ఎనిమిదేళ్లు. 'డెల్బరీ లెడ్జర్' పత్రికలో ఇరవై ఆరేళ్లుగా ఆటల మీద కాలమ్ రాస్తున్నాడు. ఆట తెలియని మనిషి కాదు. బంతి విసిరే ఏ పిచర్ చెయ్యి ఎన్నో ఇన్నింగ్స్‌లో నొప్పెడుతుందో ఆ పిచర్ కంటే ముందు చెప్పగలడు. ఆయనకు బేస్‌బాల్ అంతా తెలుసు. బేస్‌బాల్‌కే ఆయన తెలియదు. ఏప్రిల్‌లో, స్థానిక జట్టు హెరాన్స్ అట్టడుగున ఉంటుందని పదకొండు కారణాలతో రాశాడు. సెప్టెంబరు ముగిసేసరికి హెరాన్స్ అగ్రస్థానంలో నిలిచి, ముప్ఫై నాలుగేళ్ల తర్వాత, కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టింది. ఆగస్టులో, ఊళ్లోని ఫుట్‌బాల్ జట్టు యాన్విల్స్‌ను ఆకాశానికెత్తాడు. అది వరసగా నాలుగు ఆదివారాలు ఓడింది. ఊరు మెల్లగా లెక్క కట్టింది. ఇరవై ఆరేళ్లలో ఆయన చెప్పింది ఒక్కటీ జరగలేదు. అంతటి నిలకడ డెల్బరీలో మరే వ్యవస్థకూ లేదు.

మధ్యాహ్నానికల్లా బ్రాడ్‌ఫర్డ్ కింకెయిడ్ బోడ్నార్ ఇంటికొచ్చాడు. మేయర్ గారికి కుడిభుజం. సోమవారం నాడు ఏర్పాటైన 'నగర ఉత్సాహ విభాగం' డైరెక్టర్. ఆ విభాగంలో ఉన్నది ఆయన ఒక్కడే కాబట్టి ఉత్సాహానికి కొరత లేదు.

"బోడ్నార్ గారూ, తమరు చేయాల్సిందల్లా హెరాన్స్ ఓడిపోతుందని రాయడమే."

"నేను ఎలాగూ అదే రాద్దామనుకుంటున్నానయ్యా. పిచర్లు అలిసిపోయారు. భుజాలు వేలాడిపోతున్నాయి. మొదటి సిరీస్‌లోనే మూడు ఆటలు ఓడి ఇంటికొచ్చేస్తారు."

కింకెయిడ్ కళ్లు చెమర్చాయి. "మనస్ఫూర్తిగా అంటున్నారా?"

"మనస్ఫూర్తిగానే."

"ఎక్కడ మొక్కుబడిగా రాస్తారోనని మేయర్ గారికి రాత్రి నిద్ర లేదండీ."

వంటింట్లోంచి బోడ్నార్ భార్య లొరెట్టా అంది: "ఆయన మాట మీద మీరేం బెంగపెట్టుకోకండి. మా పెళ్లి ఆరు నెలలు నిలవదన్నాడు. ముప్ఫై ఒక్కేళ్లయింది."

బోడ్నార్ నిజాయితీగా రాశాడు. హెరాన్స్ నాలుగు ఆటల్లో సిరీస్ గెలిచింది. ఆయన రెండో సిరీస్ మీద ఇంకా నిజాయితీగా రాశాడు. హెరాన్స్ అదీ గెలిచి ఫైనల్‌కు చేరింది. మేయర్ గారు సభ పెట్టించి, శాలువా లేని ఊరు కాబట్టి ఇత్తడి ఫలకం ఇచ్చి, "ఇంత శ్రద్ధగా, ఇంత లోతుగా, ఇంత సమగ్రంగా తప్పు చెప్పగల మేధావి మన మధ్య ఉండటం మన అదృష్టం" అన్నారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బోడ్నార్ ఫలకాన్ని రెండు చేతులతో పట్టుకుని, అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక, అలవాటు కొద్దీ థాంక్స్ చెప్పాడు.

నవంబరు నాలుగున మేయర్ ఎన్నిక ఉందన్న సంగతి ఊరికి గుర్తు చేయడానికి ఒకావిడ తిరుగుతోంది. పేరు నాడీన్ హస్కిన్స్, స్కూలు బస్సు డ్రైవరు, మేయర్ గారి మీద పోటీ చేస్తున్న అభ్యర్థి. ఆవిడ దగ్గర ఉన్నది ఒకే విషయం: టానరీ వంతెన. నది అవతలి పిల్లలు ఆ వంతెన మీదుగానే బడికి రావాలి. దాని కింద సిమెంటు పెచ్చులు రాలుతున్నాయని, ఇనుమును తుప్పు తినేసిందని నగర ఇంజినీరు వెర్నన్ ట్రస్క్ మూడు రిపోర్టులు ఇచ్చాడు. మరమ్మతుకని పక్కన పెట్టిన నిధితో మేయర్ గారు నగర కూడలిలో మూడంతస్తుల టీవీ తెర కట్టించారు. అందరూ కలిసి ప్లేఆఫ్స్ చూడాలి కదా.

అభ్యర్థుల చర్చలో నాడీన్ సూటిగా అడిగింది. "వంతెన సంగతి చెప్పండి మేయర్ గారూ. రోజూ ముప్ఫై ఎనిమిది మంది పిల్లల్ని దాని మీద తీసుకెళ్తున్నాను."

మేయర్ గారు తల వంచి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "మన మూడో బేస్ ఆటగాడి మోకాలు వాచి ఉంది," అన్నారు గద్గద స్వరంతో. "అయినా అతను ఆడుతున్నాడు. ఫిర్యాదు చేయడం లేదు. ఊరంతా ఒక్క గుండెతో కొట్టుకుంటున్న వేళ, ఆ మోకాలి ముందు నిలబడి వంతెన గురించి మాట్లాడటానికి నాకు నోరు రాదు."

సభ దద్దరిల్లింది. మోకాలికి జవాబు చెప్పడం ఎవరి తరం?

ఫైనల్ సిరీస్ చెరి మూడు ఆటలతో సమమైంది. ఏడో ఆట మిగిలింది. అంతకు ముందు రోజు బోడ్నార్ తన బల్ల ముందు కూర్చుని, ప్రత్యర్థుల ఎడమచేతి పిచర్ పాత ఆటలు ఒక్కొక్కటీ చూస్తూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఆరో ఇన్నింగ్స్ దాటాక ఆ పిచర్ వేగం గంటకు మూడు మైళ్లు పడిపోతోంది. వాళ్ల మేనేజరు మొండివాడు, అతన్ని మార్చడు. హెరాన్స్ బెంచీ మీద డ్యూక్ హాలోరన్ అనే ముసలి ఆటగాడు ఉన్నాడు. సరిగ్గా అలాంటి బంతుల్నే చితక్కొట్టే మనిషి. బోడ్నార్ గబగబా రెండు పేజీలు రాశాడు: ఏడో ఇన్నింగ్స్‌లో హాలోరన్ వస్తాడు, మూడు పరుగుల హోమ్ రన్ కొడతాడు, హెరాన్స్ గెలుస్తుంది. రాసి, మొదటి నుంచి మళ్లీ చదివాడు. ఇరవై ఆరేళ్లలో ఇంత స్పష్టంగా ఆట ఎప్పుడూ కనిపించలేదు.

ఆ విషయం ఎడిటర్ నోటి నుంచి సిటీ హాలుకు పాకడానికి పది నిమిషాలు పట్టింది. మేయర్ గారు స్వయంగా వచ్చారు. వెనక కింకెయిడ్.

"ఎల్మర్ గారూ, గెలుస్తుందని రాశారట?"

"అవునండీ. ఈసారి నాకు తెలుసు."

"మీకెప్పుడూ తెలుసు కదండీ. అదే కదా మన బలం."

"కాదండీ, ఇది వేరు. ఇది నిజం."

మేయర్ గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "నిజం చెప్పడానికి మీకు ముందు జీవితమంతా ఉంది. ఊరికి రేపొక్కటే ఉంది."

కింకెయిడ్ అందుకున్నాడు. "ముప్ఫై నాలుగేళ్లు, బోడ్నార్ గారూ. మా నాన్న ఎదురుచూసి ఎదురుచూసి పోయాడు. ఆయన సమాధి మీద హెరాన్స్ టోపీ ఉంది. మీ సరదా కోసం..."

బోడ్నార్ ఓడిపోతుందనే రాసిచ్చాడు. ఆ రెండు పేజీలు మాత్రం లొరెట్టా చేతిలో పెట్టాడు.

మర్నాడు టీవీ ముందు కూర్చుని ఆవిడ ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను ఆట మీద వేసింది. ఏడో ఇన్నింగ్స్ వచ్చింది. పిచర్ మారలేదు. హాలోరన్ బ్యాటు భుజాన వేసుకుని కుంటుకుంటూ వచ్చాడు. మూడో బంతి స్టేడియం దాటిపోయింది. బేస్‌ల మీదున్న ఇద్దరూ, వెనకే హాలోరనూ చుట్టు తిరిగి హోమ్ ప్లేటుకు చేరారు. మూడు పరుగులు. ఆట ముగిసేసరికి హెరాన్స్ గెలిచింది.

"ఎల్మర్," అంది లొరెట్టా, "నువ్వు రాసింది రాసినట్టే జరిగింది."

"ష్. గట్టిగా అనకు."

బయట కార్ల హారన్లు మోగుతున్నాయి. ఎవరో వాకిట్లోకి వచ్చి "బోడ్నార్! నీ తప్పు చల్లగుండా!" అని అరిచి వెళ్లారు. ఆయన సోఫాలో కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. భర్త సంతోషంతో ఏడుస్తున్నాడని అనుకునేంత అమాయకురాలు కాదు లొరెట్టా. కాగితాలు మడిచి, ఆయన పక్కన కూర్చుంది.

శనివారం ఊరేగింపు. మేయర్ గారు కప్పుతో పాటు టాపు లేని కారులో నిలబడ్డారు. పూర్వం ఊరేగింపులన్నీ టానరీ వంతెన మీదుగా వెళ్లేవి. ఈసారి దృశ్యం బాగుంటుందని దారి మార్చారు. బోడ్నార్‌కు రెండో కారు కేటాయించారు కానీ, ఆయన ఎక్కలేదు. ఆ పొద్దున్నే నాడీన్ ఆయన గుమ్మంలో నిలబడి ఉంది.

"మీరు ఓడిపోతారని రాయమనే కదా?" అన్నాడు బోడ్నార్ నీరసంగా. "మేయర్ గారు నిన్ననే అడిగారు. ఆయన ఓడిపోతాడని రాయాలట. నేను ఆటల మనిషినమ్మా, ఇవన్నీ నాకొద్దు."

"జోస్యం ఎవరికి కావాలండీ? ఒకసారి వంతెన కిందకు వచ్చి కళ్లతో చూడండి. చాలు."

ఇంజినీరు ట్రస్క్ అక్కడే ఉన్నాడు. బక్కపలచటి మనిషి, మాట కూడా అంతే. చిన్న సుత్తితో స్తంభాన్ని తట్టాడు. పిడికెడు సిమెంటు పొడిలా రాలి నదిలో పడింది. లోపలి ఇనుము తుప్పు పట్టి వేలంత సన్నబడింది. పైన ఒక లారీ వెళ్లింది. ముగ్గురూ మెడలు లోపలికి లాక్కున్నారు.

"ఎన్నాళ్లు ఆగుతుంది?" అడిగాడు బోడ్నార్.

"మంచు పడే దాకా," అన్నాడు ట్రస్క్. "రాశాను. మూడుసార్లు."

బోడ్నార్ తిరిగొచ్చి, ఆట గురించి కాని మొదటి కాలమ్ రాశాడు. చూసింది చూసినట్టు రాశాడు. సుత్తి, ఇనుము, ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు, మూడంతస్తుల తెర. రాస్తూ రాస్తూ ఆవేశం వచ్చి, చివర ఒక వాక్యం జోడించాడు: 'ఇది చదివిన డెల్బరీ మంగళవారం నాడు నాడీన్ హస్కిన్స్‌ను గెలిపించి తీరుతుంది.'

సోమవారం పత్రిక వచ్చింది. ఊరంతా అలవాటు ప్రకారం చివరి వాక్యం నుంచి చదివి అక్కడే ఆపేసింది. నాడీన్ ప్రచార ఆఫీసులో పనిచేసేవాళ్లు కుర్చీలు మడవడం మొదలుపెట్టారు. "బోడ్నార్ రాశాక ఇంకేముంది?" అని ఆవిడ సొంత అక్క కూడా ఓటుకు వెళ్లలేదు. మేయర్ గారు రెండువందల పన్నెండు ఓట్లతో గెలిచారు.

నాడీన్ బుధవారం ఫోన్ చేసింది. "బాగా రాశారండీ. నిజంగా. ఆ చివరి ముక్క ఒక్కటీ లేకపోయుంటే..." అని ఆగింది. "సరేలెండి. బస్సుకు టైమవుతోంది."

వారం తిరక్కుండా మేయర్ గారు ఆయన్ని పిలిపించారు. బల్ల మీద ఒక కాగితం ఉంది. పైన నగర చిహ్నం, మధ్యలో ఒకే వాక్యం: 'టానరీ వంతెన ఈ శీతాకాలంలో కూలిపోతుంది.' కింద సంతకానికి గీత.

"మీ సంతకం పడితే పత్రికకు పంపిస్తాం," అన్నారు మేయర్ గారు. "ఊరికి భరోసా కావాలి."

"ఇది ట్రస్క్ చెప్పిన మాటే కదండీ?"

"ట్రస్క్ చెప్పాడు. ఇరవై ఏళ్లలో అతను చెప్పింది ఒక్కటీ తప్పలేదు. మా భయం అదే."

"నేను సంతకం పెడితే వంతెన మూసేస్తారా?"

మేయర్ గారు ఆశ్చర్యపోయారు. "మీరు సంతకం పెట్టాక మూయడం దేనికండీ?"

కింకెయిడ్ పెన్ను మూత తీసి అందించాడు. బోడ్నార్ పెన్ను తీసుకోలేదు. "ఇలా పొడిగా ఒక్క ముక్కంటే బాగోదు," అన్నాడు. "నా కాలమ్‌లో నా మాటల్లో రాస్తాను."

"మనస్ఫూర్తిగా రాస్తారుగా?" అన్నాడు కింకెయిడ్.

"ఇంత మనస్ఫూర్తిగా ఎప్పుడూ రాయలేదు."

గురువారం నాటి లెడ్జర్‌లో ఆయన కాలమ్ నాలుగే వాక్యాలు. 'టానరీ వంతెనను స్వయంగా పరిశీలించాను. ఉక్కులా ఉంది. మరో నూరేళ్లు చెక్కుచెదరదని నా పేరు మీద హామీ ఇస్తున్నాను. తల్లిదండ్రులు తమ పిల్లల్ని నిశ్చింతగా దాని మీద పంపవచ్చు.'

ఎనిమిదింటికి నది అవతలి తల్లులు పిల్లల్ని ఇళ్లలోకి లాక్కెళ్లి తలుపులు వేసుకున్నారు. వంతెన మధ్య దాకా వచ్చిన రొట్టెల వ్యాను ఒకటి వెనక్కి, వెనక్కి, ఒడ్డు దాకా వెనక్కే వెళ్లింది. తొమ్మిదింటికి సిటీ హాలు ముందు ఐదొందల మంది పోగయ్యారు. తొమ్మిదిన్నరకు మేయర్ గారు మెట్ల మీదకొచ్చి, ప్రజల ప్రాణాలకన్నా తనకేదీ ఎక్కువ కాదని, ఇంజినీరు మాట మీద తనకు మొదటి నుంచీ అపారమైన గౌరవమని, వంతెనను తక్షణం మూసి కొత్తది కడతామని ప్రకటించారు. పదింటికి నారింజరంగు అడ్డుకట్టలు పడ్డాయి.

బోడ్నార్ అక్కడికి వెళ్లేసరికి నాడీన్ ఖాళీ బస్సును చుట్టుదారికి తిప్పుతోంది. ఆయన్ని చూసి హారన్ ఒకసారి గట్టిగా మోగించి వెళ్లిపోయింది.

అడ్డుకట్ట పక్కన ట్రస్క్ ఒక్కడే నిలబడి ఆనాటి కాలమ్ చదువుతున్నాడు. రెండుసార్లు చదివాడు. పత్రికను జాగ్రత్తగా మడిచి చంకలో పెట్టుకుని, కోటు లోపలి జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"బోడ్నార్ గారూ, తూర్పు పేటలో నీళ్ల ట్యాంకు ఒకటుంది. వీలు చూసుకుని దాన్ని కూడా కాస్త పొగుడుతారా?"