పోతున్న... వన్స్ మోర్!

యూనివర్సిటీల్లో చదువు ఎత్తేసి డాన్సులు మాత్రం ఉంచాలని నేను ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాను. నవ్వకండి! బాగా ఆలోచించే అంటున్నాను. ఈ వయసులో నాకు ఆలోచించడం తప్ప వేరే పని లేదు. దాన్ని మాత్రం ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా చేస్తాను.

మాది వనపర్తి. మా పెరటి గోడే యూనివర్సిటీ గోడ కూడా. గోడ అవతల సెమిస్టర్ ఎప్పుడు మొదలవుతుందో నాకు తెలియదు. వాళ్ళకైనా తెలుసా అని నాకు అనుమానం. ఎప్పుడు ముగుస్తుందో మాత్రం మా వంటింట్లో గిన్నెలకు కూడా తెలుసు. చివరి నెల రాగానే గూట్లో స్టీలు గ్లాసులు వాటంతట అవే నడుస్తాయి. ఉప్పు డబ్బా మెల్లగా జరిగి జరిగి పప్పు డబ్బా పక్కన చేరుతుంది. అంతా డీజే బాక్సుల మహిమ!

నా గుండె బలహీనంగా ఉందని దవాఖానలో డాక్టర్ చెప్పాడు. ఇప్పుడు నాకా దిగులు లేదు. కొట్టుకునే పని బాక్సులు చూసుకుంటున్నాయి. గుండె ఊరికే కూర్చుంటే చాలు. ఏ పెద్దాసుపత్రిలో దొరుకుతుందండీ ఈ వైద్యం?

ఇక చదువు సంగతి. మా ముందు గదిలో రెండేళ్ళుగా నిరోష అనే పిల్ల ఉండేది. మానవపాడు పిల్ల. తల్లి కూలికి పోతూ ఈ పిల్లను ఎం.ఏ. తెలుగు దాకా తెచ్చింది. నిరోష లైబ్రరీ నుంచి నాకు పుస్తకాలు తెచ్చేది. నేను చదివాక, అన్నం తింటూ ఆ కథ నా చేత చెప్పించుకునేది. తర్వాత పోయి దాని మీద పరీక్ష రాసేది. ఒకసారి ఫస్ట్ క్లాస్ కూడా వచ్చింది, నాకో దానికో తెలియదు.

చివరి సెమిస్టర్‌లో ఐదు యూనిట్లుంటే రెండే అయ్యాయి. నాకు కంగారు పుట్టింది.

"కడమ మూడు ఎటు పాయె బిడ్డా?"

"శ్రవణ్ కుమార్ సారు కల్చరల్ ఇన్‌చార్జి అయిండు గదవ్వా. ఇగ క్లాసు ఎవరు చెప్తరు?"

"మరి పరీక్ష?"

"నువ్వున్నవు గద!"

చూశారా ఎంత లాభమో! చెప్పిన పాఠమైతే పిల్లలు మరిచిపోవచ్చు. చెప్పని పాఠాన్ని మరిచిపోవడం ఎవరి తరం? పైగా సార్లకు అలసట లేదు, బ్లాక్‌బోర్డుకు అరుగుదల లేదు. చాక్‌పీసులన్నీ స్టేజీ మీద డాన్సర్లు నిలబడే చోట గుర్తులు పెట్టడానికి మిగిలాయి.

అన్నిటికన్నా గొప్పది వర్క్‌షాప్. దీని గురించి చెప్పే ముందు నా చదువు గురించి ఒక మాట చెప్పాలి. నేను బడికి పోలేదు. కొత్తకోట బస్టాండ్ పక్కన ముప్పై ఏళ్ళు చాయ్ హోటల్ నడిపాను. బస్సు బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. 'గ' అంటే గద్వాల. 'క' అంటే కర్నూలు. 'నా' అని పొడుగ్గా ఉంటే నాగర్‌కర్నూల్. మనవాళ్ళను ఎక్కించుకున్న బస్సు ఎటు పోతుందో తెలియకపోతే నాకు ఆ రోజంతా పరేషాన్. ఆ కొత్తకోటలో వర్క్‌షాప్ అంటే ఒకటే అర్థం. లారీ ఇంజన్‌ను విప్పి నేల మీద పరిచే షెడ్డు.

అందుకని నిరోష వచ్చి, "అవ్వా, రేపట్నుంచి మూడొద్దులు వర్క్‌షాప్" అనగానే నాకు చాలా సంతోషమైంది. ఎం.ఏ. తెలుగుకు ఉద్యోగాలు లేవని కనిపెట్టి యూనివర్సిటీ వాళ్ళు పిల్లలకు ఇంజన్ పని నేర్పుతున్నారు, ఎంత ముందుచూపు! మంచి బట్టలకు గ్రీజు అంటుకుంటుందని నా పెట్టెలోంచి మా ఆయన పాత అంగీ తీసి ఇచ్చాను. చేతులు కడుక్కోవడానికి చిన్న సీసాలో డీజిల్, తుడుచుకోవడానికి పాత చీర ముక్క కూడా కట్టి పెట్టాను.

మా పక్కింటి ఎంకమ్మ హాస్టల్‌లో వంట చేస్తుంది. ఆమె ఆ సీసా చూసి కడుపు పట్టుకుని నవ్వింది.

"ఓయమ్మో! గది డాన్సు వర్క్‌షాప్ పార్వతమ్మా! ఆడ లారీలను గాదు, మనుషులను ఇప్పి బిగిస్తరు!"

నేను సిగ్గుపడ్డాను. తర్వాత చూస్తే అంత సిగ్గుపడాల్సిన తప్పేం చేయలేదని తెలిసింది. ఇక్కడా విప్పుతారు. మళ్ళీ బిగించాక ఇక్కడా రెండు నట్లు మిగిలిపోతాయి.

డీజిల్ సీసా వాపసు వచ్చింది గానీ అంగీని మాత్రం నిరోష ఉంచుకుంది. "ఉండనీ అవ్వా, ఏదన్న డాన్సుకు పనికొస్తది" అంది.

వర్క్‌షాప్‌కు హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చింది. 'పల్లె శ్రమలో లయ' అనేది విషయం. పల్లెల్లో ఆడవాళ్ళు పత్తి చేనులో ఎలా వంగుతారో, పువ్వును ఎలా ముట్టుకుంటారో పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలకు నేర్పడానికి ఆమె అంత దూరం నుంచి ఏసీ కారులో వచ్చింది. ఆ త్యాగాన్ని మనం గుర్తించాలి!

నిరోష చిన్నప్పుడు బడి మానేసి సీడు పత్తి చేనులో క్రాసింగ్ చేసింది. మగపువ్వు పుప్పొడిని ఒక్కో ఆడపువ్వుకు చేత్తో అద్దే పని అది. ఎండ ముదరకముందే వందల పూలు అయిపోవాలి. దాని వేళ్ళు ఆ వేగాన్ని ఇప్పటికీ మరువలేదు. మేడం "పువ్వును తాకండి" అనగానే టకటకా నలభై పూలు తాకేసింది. అక్కడ పూలు లేవు, అయినా తాకేసింది.

"అలా కాదమ్మా. గ్రేస్ కావాలి. మెల్లగా, పువ్వుతో మాట్లాడుతున్నట్టు."

"గంత మెల్లగ జేస్తే మేస్త్రి ఇంటికి తోలుతడు మేడం!"

పిల్లలంతా నవ్వారట. మేడం మాత్రం నవ్వకుండా రాసుకుందట. నిరోషకు పత్తిపని సరిగా రాదని తేలింది. మూడు రోజులు కష్టపడి మెల్లగా చేయడం నేర్చుకుంది. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఇకమీదట ఏ చేనుకు పోయినా ఆ సర్టిఫికెట్ చూపించి మెల్లగా పని చేయవచ్చు. ఇంతకన్నా గొప్ప ఉపాధి ఏముంటుంది?

ఇదంతా సరే. నా భయం మొదలైంది వర్క్‌షాప్ అయ్యాక. ఫేర్‌వెల్ రోజుకు శ్రవణ్ కుమార్ సారు 'వలస' అని ఒక డాన్సు కట్టాడు. నెత్తిన మూటతో ఒక పిల్ల స్టేజీ చివరిదాకా వచ్చి, వెనక్కి తిరిగి, మైకులో "పోతున్న అవ్వా!" అని అరవాలి. ఆ పిల్ల నిరోష.

మా దిక్కున ఇంటి నుంచి కదిలే మనిషి 'పోత' అనడు. 'పోయొస్త' అంటాడు. మీ దిక్కున కూడా ఏదో ఒక రకంగా అంతే అయి ఉంటుంది. మా ఆయన కురుమయ్య డ్యాం పనికి మేస్త్రి లారీ ఎక్కుతూ, ఇంజన్ మోతలో తొందరపడి "పోతున్న" అన్నాడు. మూడో నెలలో ఉత్తరం వచ్చింది. ఆయన రాలేదు. నాకప్పుడు చదువు రాదు, చాయ్ తాగడానికి వచ్చిన కండక్టర్ చదివి పెట్టాడు. ఎంకమ్మ పెబ్బేరు సంతకు తోలిన మేక ఏమీ అనకుండానే పోయింది. అదీ రాలేదు. ఈ విషయంలో నాకు మనుషులనీ మేకలనీ తేడా లేదు. పోయేవాళ్ళు ఆ మాట అనాలి, నాకు వినపడాలి. అంతే.

అందుకని గోడ చుట్టూ తిరిగి గేటు దాకా పోయి సారును పట్టుకున్నాను.

"సారూ, జర గా మాట మార్చు. 'పోయొస్త' అని పెట్టు."

"ఎట్ల మారుస్త అవ్వా! వలస పోయేటామె మళ్ళొస్తదని తెలిస్తే ఆడియన్స్ ఏడుస్తరా? ఎఫెక్ట్ రాదు."

"ఏడ్వకుంటే ఏమాయె?"

"జడ్జిలు మార్కులెయ్యరు!"

కళ అంటే అలా ఉండాలి! నేను మళ్ళీ గోడ చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేశాను. ఆ రోజు నా ముఖం చూసి నిరోషే దగ్గర కూర్చుంది.

"గది స్టేజీ మాటవ్వా, లెక్కల రాదు. నేను నిజంగ పోయేనాడు నీకు సక్కగ చెప్పే పోత."

"ఏమన్నవు?"

"అయ్యో! పోయొస్త, పోయొస్త! చెప్పే పోయొస్త! ఇగ సాలునా?"

"గా మాట ఆనాడు అను. ఇయ్యాల అన్నది ఇయ్యాలకే."

"సరే తియ్. ఆనాడు నీ చెవుల ఒర్లుత."

చివరి పరీక్ష అయిన మర్నాడే ఫేర్‌వెల్. సాయంత్రం నాలుగున్నరకు గేటు ముందు నుంచి గద్వాల బస్సు. అది తప్పితే ఆ పిల్లకు గద్వాలలో మానవపాడు బస్సు దొరకదు. ప్రోగ్రాం పదింటికి మొదలై రెండింటికల్లా అయిపోతుందన్నారు. నిరోష ఇంటికొచ్చి, ముఖం కడుక్కుని, నా చేతి చాయ్ తాగి బయల్దేరాలని మా ఒప్పందం. నేను చక్కెర వేసి పెట్టుకున్నాను.

చీఫ్ గెస్ట్ రెండింటికి వచ్చాడు. అప్పటిదాకా పిల్లలు రంగులు పూసుకుని ఎండలో నిలబడ్డారు. మధ్యమధ్యలో ఫోన్ల ముందు కౌగిలించుకుని ఏడ్చారు. ఫోటో సరిగా రాకపోతే మళ్ళీ ఏడ్చారు. ఏడుపుకు కూడా రిహార్సల్ ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. మా కాలంలో అంతా ఒకేసారి, ఏ ప్రిపరేషన్ లేకుండా ఏడ్చాం. అందుకే అంత వికారంగా వచ్చింది.

తర్వాత ఉపన్యాసం. తర్వాత సర్టిఫికెట్లు. చాయ్ క్యాన్ మోసుకుని స్టేజీ పక్కగా పోతున్న ఎంకమ్మను కూడా వరుసలో నిలబెట్టి ఒకటి ఇచ్చారు. జానపద నృత్యంలో శిక్షణ పొందినందుకు. ఆమె దాన్ని బియ్యం డబ్బా మీద మూతగా పెట్టుకుంది. పురుగు రావట్లేదట.

'వలస' మొదలయ్యేసరికి నాలుగు దాటింది. నేను నిరోష నిజం బ్యాగు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. స్టేజీ మీద అది అబద్ధం మూట నెత్తిన పెట్టుకుని చివరిదాకా వచ్చింది. తిరిగింది. ఆరు బాక్సులూ ఒక్కసారి ఆగి, దాని గొంతుకు దారిచ్చాయి.

"పోతున్న అవ్వా!"

వనపర్తి అంతా విన్నది. కొత్తకోట దాకా వినపడిందన్నా నేను కాదనను. జనం కళ్ళు తుడుచుకుని, చప్పట్లు కొట్టి, "వన్స్ మోర్!" అన్నారు. నిరోష గేటు దిక్కు చూసింది. తెర పక్కనుంచి సారు చెయ్యి ఊపాడు. పాపం, మళ్ళీ అంది. ఏ మాట ఒక్కసారి కూడా వినకూడదని యాభై ఏళ్ళుగా జాగ్రత్తపడ్డానో, దాన్ని వన్స్ మోర్ అడిగి మరీ వినిపించారు! ఎంత అదృష్టం!

అంతలో గద్వాల బస్సు హారన్ కొట్టింది. నిరోష మెట్ల మీదుగా కాకుండా స్టేజీ మీంచే దూకింది. ముఖాన రంగు, నెత్తిన మూట, ఒకటే ఉరుకు. నేను బ్యాగు చేతిలో పెట్టాను. అది మూట నా చేతిలో పెట్టింది. సరిగ్గా అప్పుడే స్టేజీ మీద ఫైనల్ ఐటం మొదలైంది. ఆరు బాక్సులూ కలిసి విరుచుకుపడ్డాయి. నేల అదిరింది.

నిరోష బస్సు మెట్టు మీద నిలబడి నా చెవి దిక్కు వంగింది. ఏదో అంది. బస్సు కదిలింది. బోర్డు మీద 'గద్వాల' అని ఉంది, నేను స్పష్టంగా చదివాను.

ఇంటికొచ్చి మూట విప్పితే అందులో న్యూస్‌పేపర్లు, వాటి మధ్య మా ఆయన అంగీ. అంగీ మాత్రం తిరిగొచ్చింది.

ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారు మీరు. అడిగితే ఏమంటుంది? "పోయొస్త అనే అన్న గదవ్వా" అంటుంది. మంచి పిల్ల. అడిగి చెప్పించుకున్న మాట పనికిరాదు.

నేను చూసింది ఇంతే. దాని పెదవులు గుండ్రంగా అయ్యాయి. అంటే 'పో'. అంతవరకు ఖాయం. ఆ తర్వాత ఒక అక్షరం ఉందా, రెండున్నాయా? 'పోత'లో ఒకటి. 'పోయొస్త'లో రెండు. వారం రోజులుగా అద్దం ముందు నిలబడి రెండూ అని చూసుకుంటున్నాను. ఎంకమ్మ చూసి హడలిపోతోంది.

కాబట్టి నా డిమాండ్ మార్చుకుంటున్నాను. చదువు ఉంచుతారో ఎత్తేస్తారో మీ ఇష్టం. బాక్సులు ఆరుకు పన్నెండు పెట్టుకోండి. బస్సు బోర్డులు చదవడం నేనే నేర్చుకున్నాను గానీ, మోతలో పెదవులు చదవడం నాకెవరూ నేర్పలేదు. దానికొక వర్క్‌షాప్ పెట్టండి. మూడొద్దులు చాలు.

సర్టిఫికెట్ అక్కర్లేదు.