పర్వాలేదుకు నాలుగు మార్కులు

సుఖమనేది అనుభవించేవారికి తెలిసే విషయం కాదు, దాన్ని కొలిచేవారికి మాత్రమే తెలుస్తుంది. ఈ మహాసత్యాన్ని లోకానికి అందించిన ఘనత పాత రికార్డుల కార్యాలయానిది. అక్కడ నాలుగంతస్తుల నిండా ఫైళ్ళు, ఆ ఫైళ్ళ సందుల్లో నూట ఇరవై మంది సిబ్బంది ఉండేవారు. వీళ్ళు సుఖంగా ఉన్నారో లేదో ఇన్నేళ్ళుగా ఎవరూ కొలవలేదన్న సంగతి ఒక శుభముహూర్తాన పైవాళ్ళకు గుర్తుకొచ్చింది. వెంటనే ఉద్యోగుల క్షేమ పరిశోధనా విభాగం పుట్టింది. విభాగమన్నాక దానికో గది కావాలి కదా. భవనమంతా గాలించగా ఎవరికీ పనికిరాని గది ఒకే ఒక్కటి తేలింది. అది సిబ్బంది విశ్రాంతి గది.

ఆ గదిలో ఒక కుళాయి, ఒక కిటికీ, ఆరడుగుల చెక్క బల్ల ఉండేవి. బల్ల ఎవరి సొత్తూ కాదు గానీ, మధ్యాహ్నం పన్నెండు నలభై నుంచి పావుగంటసేపు అది ఫైళ్ళక్కదని అందరికీ తెలుసు. ఫైళ్ళక్క అంటే రెండో అంతస్తు గుమాస్తా. ఫైళ్ళు ఎత్తడం, దించడం, దులపడం పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని. (తిన్న అన్నం కంటే మింగిన దుమ్మే ఎక్కువని ఆమె భర్త లెక్క.) రెండేళ్ళ కిందట నడుం దెబ్బతింది. "రోజూ మధ్యాహ్నం కాసేపు వెల్లకిలా పడుకో తల్లీ, లేదంటే మంచాన పడతావు" అన్నారు డాక్టరుగారు. ఆ మాటా ఆ బల్లా పట్టుకుని ఆమె ఉద్యోగం నెట్టుకొస్తోంది.

విభాగానికి క్షేమాధికారి ఒకాయన వచ్చారు. అంతకుముందు గోదాముల్లో ఎలుకల నివారణ చూసేవారట. (జీవరాశులతో అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం అని ప్రకటనలో ఉంది.) ఆయన కింద ఒక పరిశోధకురాలు, తలుపుకు ఒక తాళం. మొదటి పరిశోధనాంశం: మధ్యాహ్న విశ్రాంతి వల్ల ఉద్యోగికి మేలు కలుగుతుందా? పద్ధతి చాలా సులువు. చీటీలు వేసి సిబ్బందిని రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకు విశ్రాంతి ఇస్తారు, ఇంకో జట్టుకు ఇవ్వరు. మూడు నెలలయ్యాక రెంటినీ పోల్చి చూస్తారు. విభాగం వారు మరీ రాక్షసులేమీ కారు. ఒంట్లో బాగాలేనివారిని చీటీల్లో వేయరాదనీ, వారికి బల్ల యథాప్రకారం ఇవ్వాలనీ మొదటి పేజీలోనే రాసుకున్నారు.

ఎవరికి బాగుందో ఎవరికి లేదో తేల్చడానికి ఒక్కొక్కరినీ పిలిచారు. ఫైళ్ళక్క వంతు వచ్చింది.

"నడుం నొప్పేమైనా ఉందా మేడమ్?" అని అడిగింది పరిశోధకురాలు.

"ఉందమ్మా. ఎడం కాల్లోకి దిగుతోంది. కింది అరలోంచి ఫైలు తీయాలంటే ప్రాణం పోయొస్తోంది."

"అయ్యో! మరి పనెలా చేస్తున్నారు?"

"ఏదో, పర్వాలేదు."

ఫారంలో ఒక్క మాట పట్టే గడి మాత్రమే ఉంది. ఆ అమ్మాయి చివరి మాట రాసుకుంది. విభాగం వారి పట్టిక ప్రకారం "పర్వాలేదు"కు అయిదింట నాలుగు మార్కులు. నూట ఇరవై మందిలో నూట పద్నాలుగు మంది పర్వాలేదనే అన్నారు. మిగతా ఆరుగురూ జబ్బు సెలవులో ఉన్నారు కాబట్టి వాళ్ళను ఎవరూ అడగలేదు.

అలా నాలుగు మార్కులతో ఆరోగ్యవంతురాలైన ఫైళ్ళక్క పేరు చీటీల్లో పడింది, విశ్రాంతి లేని జట్టులో తేలింది. విశ్రాంతి జట్టులో మొదటి పేరు ఆఫీసు కారు డ్రైవరుది. రెండో పేరు క్షేమాధికారిది. (చీటీలు తీసింది ఆయనే.)

డ్రైవరు కారు సీట్లో కూర్చుని కూడా గురక పెట్టగలిగిన అదృష్టవంతుడు. అలాంటివాడిని బల్ల మీద పడుకోబెట్టి, ఛాతీకి తీగలు తగిలించి, మూడు నిమిషాలకోసారి తట్టి లేపి "విశ్రాంతి కలుగుతోందా?" అని అడగసాగారు. నాలుగో రోజుకు అతని కళ్ళు చింతనిప్పులయ్యాయి.

"అక్కా, నీకు పుణ్యముంటుంది. నా బదులు నువ్వెళ్ళి పడుకో" అని బతిమాలాడు.

ఇద్దరూ కలిసి క్షేమాధికారి దగ్గరికి వెళ్ళారు. ఆయన చాలా ఓపిగ్గా విన్నారు. (విన్నదానికి ఆయనకూ మార్కులుంటాయి.)

"మనుషులు మారితే పోలిక చెడిపోతుందమ్మా. అయినా ఫారంలో మీకు బాగానే ఉన్నట్టుందే!"

"నొప్పుందని చెప్పానండీ."

"పర్వాలేదన్నారా, లేదా?"

"అన్నాను. మాటవరసకి అన్నానండీ."

"మాటవరస అనే గడి ఫారంలో లేదమ్మా" అన్నారాయన జాలిగా. ఆ తర్వాత దారి కూడా ఆయనే చూపించారు. అభిప్రాయం మార్చుకోవడానికి వేరే ఫారం ఉంది, రెండో అంతస్తులో కింది అరలో ఉంటుంది, తెచ్చి నింపితే సరి. ఆ అర ఫైళ్ళక్కదే. ఆమె పళ్ళు బిగబట్టి వంగింది, తీసింది, గోడ పట్టుకుని లేచింది. చెమటలు కక్కుతూ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మీరే తెచ్చారా?"

"అవునండీ."

"కింది అరలోంచి? వంగి?"

"వంగకపోతే ఎలా వస్తుందండీ?"

"వంగగలిగారన్నమాట" అని ఆయన ఆ మాటే ఫారం మీద రాసి, ముద్ర వేసి, విన్నపం తోసిపుచ్చారు.

ఫైళ్ళక్కకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆయన మీద కంటే తన నోటి మీదే ఎక్కువ మండింది. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని జీవితమంతా అంటూ వచ్చిన మాట చివరికి తనకే ఎసరు పెట్టింది.

ఏడో వారంలో ఆమె కింది అర దగ్గర వంగింది. ఇక నిటారుగా లేవలేకపోయింది. డ్రైవరూ మరో ఇద్దరూ కలిసి ఆమెను మోసుకుంటూ విశ్రాంతి గదికి తీసుకెళ్ళారు. తలుపు మీద "పరిశోధన జరుగుతున్నది. విశ్రాంతి తీసుకోరాదు" అని బోర్డుంది. డ్రైవరు తలుపు బాదాడు. లోపల క్షేమాధికారి తన వంతు విశ్రాంతిలో ఉన్నారు. విశ్రాంతి మధ్యలో లేస్తే ఆ రోజు లెక్కలోకి రాదు కాబట్టి ఆయన లేవలేదు. చివరికి ఆమెను కారు వెనక సీట్లో పడుకోబెట్టి ఇంటికి చేర్చారు.

ఆరు నెలలు మంచం దిగొద్దన్నారు డాక్టరుగారు. రెండు వారాలకు పరిశోధకురాలు ఫోన్ చేసింది. భర్త ఫోన్ తెచ్చి ఫైళ్ళక్క చెవి దగ్గర పెట్టాడు.

"మేడమ్, ఒక్క ప్రశ్న మిగిలిపోయింది. మధ్యాహ్నం విశ్రాంతి దొరుకుతోందా?"

"దొరుకుతోందమ్మా."

"ఎంతసేపు?"

"రోజంతా."

"మరి ఎలా ఉన్నారు?"

ఈసారి ఫైళ్ళక్క నోరు జారనివ్వలేదు. "అస్సలు బాగాలేను. ఒక్కదాన్నే పక్కకు కూడా తిరగలేకపోతున్నాను. ఆ పావుగంట నన్ను పడుకోనిచ్చుంటే ఈ గతి పట్టేది కాదు. రాసుకో."

ఫోన్ పట్టుకున్న భర్తకూ వినపడేలా ఆ అమ్మాయి ఏడ్చేసింది. "గడి చిన్నది మేడమ్. ఒక్క మాటలో చెప్పాలి."

ఎవరో ఆడపిల్ల తన భార్య వల్ల బాధపడుతోందని భర్తకు అనిపించింది. పాపం, మర్యాదస్తుడు. ఫోన్ లాక్కున్నాడు. "పర్వాలేదమ్మా, నేను చూసుకుంటున్నానుగా" అన్నాడు.

నెల తిరక్కుండానే నివేదిక వచ్చింది. విశ్రాంతి లేని జట్టులో ప్రస్తుతం నడుం నొప్పితో పనిచేస్తున్నవారు ఒక్కరూ లేరని తేలింది. ఆ జట్టులోని ఒక ఉద్యోగిని సొంత చొరవతో రోజంతా విశ్రాంతి సమకూర్చుకుని, నాలుగు మార్కులతో నిలకడగా ఉన్నారని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. కాబట్టి కార్యాలయానికి బల్ల అనవసరమని సిఫారసు చేశారు. నివేదికను శాశ్వతంగా భద్రపరచడానికి రెండో అంతస్తులో కింది అర కేటాయించారు.

అది ఇంకా అర పక్కన నేల మీదే ఉంది. వంగి పెట్టే మనిషి సెలవులో ఉన్నారు.